ఇరవై అయిదో తారీఖుకే జీతం అయిపోతోంది, ఇద్దరు చిన్నపిల్లలు – ఎక్కడ తగ్గించాలి?

పర్లాకిమిడి చిన్నకోడలు

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు పాతపట్నం దగ్గర పల్లె, పెళ్ళయ్యాక ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చాను. పెద్దది మూడేళ్ళ పిల్ల, చిన్నవాడికి ఎనిమిదో నెల. మా ఆయన బట్టల కొట్లో చేస్తారు, జీతం 14,500. పోయిన నెల ఒకటో తారీఖు నుంచి నోట్‌బుక్కులో ప్రతి రూపాయీ రాశాను. ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

అద్దె 3,000. బండి వాయిదా 2,100. కిరాణా, కూరలు, చేపలు కలిపి 4,200. పాలు రోజుకి లీటరు, 1,680. డైపర్లు 1,300. చిన్నవాడికి పెట్టే ప్యాకెట్టు పిండి 1,200. గ్యాసు 900. కరెంటు 350. పెద్దదానికి బిస్కెట్లు, చిప్సు 600.

మొత్తం 15,330 అయింది. ఆ 830 కొట్టు ఖాతాలో పడింది. మందుల ఖర్చు రాని నెల కాబట్టి ఇంతతో పోయింది. పాలలో నీళ్ళు కలిపి సర్దుకోమని మా అత్తగారు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇద్దరు పిల్లల్ని పెంచినవాళ్ళు ఎవరైనా చెప్పండి, ఎక్కడ తగ్గించొచ్చు?

బరంపురం మామ్మ

తల్లీ, ముందు నువ్వు లెక్క రాశావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. మా రోజుల్లో మేమూ రాసేవాళ్ళం, పాత కేలండరు కాగితాల వెనక.

పాలలో నీళ్ళు వద్దు. నీళ్ళు కలిపితే పిల్ల కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది తగ్గుతుంది. దానికన్నా పాలే తక్కువ కొను. అసలు లీటరు పాలు ఎవరు తాగుతున్నారో రాయి. మూడేళ్ళ పిల్లకి రోజుకి అరలీటరు దాటక్కర్లేదు. పాలతోనే కడుపు నింపేస్తే అన్నం తినదు, రక్తం తగ్గుతుంది.

ఇక డైపర్లు. మీ ఇంట్లో పాత నేత చీర ఒకటి ఉంటుంది కదా, ఉతికి ఉతికి మెత్తబడినది. దాన్ని అడ్డంగా రెండు, నిలువుగా పది చేసి కోస్తే చదరంగా ఇరవై గుడ్డలు వస్తాయి. అంచులు మిషను మీద ఒక్క కుట్టు వేయించు, దారాలు ఊడి పిల్లాడి వేళ్ళకి చుట్టుకోకుండా. రెండు మడతలు పెట్టి మూడు కోణాలుగా కట్టు. మన ఇళ్ళల్లో పురిటి బిడ్డకి పెద్దవాళ్ళ పాత బట్టలే వేస్తాం, అది ఆనవాయితీ అని మాత్రమే కాదు, ఆ మెత్తదనం కొత్త గుడ్డకి రాదు.

ఉతకడంలో ఒక్క మాట గుర్తుపెట్టుకో. దొడ్డికి వెళ్ళిన గుడ్డ మీద వేడినీళ్ళు ముందే పోయకు, మరక పట్టేస్తుంది. చన్నీళ్ళతో జాడించి, తర్వాత సబ్బు పెట్టు. వారానికోసారి మరిగించు. ఎండ బాగా తగలాలి. సువాసన కోసం ఆఖరి నీళ్ళల్లో వేసే ద్రవాలు వద్దు, గుడ్డ తడి పీల్చదు. ఫినాయిలూ అలాంటివి అసలు వద్దు, పిల్లాడి ఒళ్ళు ఒరిసి ఎర్రబడుతుంది. కుంకుడు రసం దొరికితే అంతకన్నా మంచిది లేదు.

రాత్రికి ఒక్క డైపరు వెయ్యి. నువ్వూ నిద్రపోవాలి కదా.

గంజాం ఉద్యోగి

మామ్మగారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. నేను ఛత్రపురం ఆఫీసుకి రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. మా వీధి కుళాయి పొద్దున గంటసేపే వస్తుంది. పన్నెండు గుడ్డలు ఉతకడానికి నీళ్ళెక్కడివి, చెయ్యెక్కడిది? గుడ్డలు మంచివి అన్నందుకు ఉద్యోగం చేసే ఆడవాళ్ళు తప్పు చేసినట్టు బాధపడుతున్నారు. వానాకాలం వారం రోజులు ముసురు పడితే ఏ గుడ్డా ఆరదు.

బరంపురం మామ్మ

నువ్వన్నది నిజమే అమ్మా. నాకప్పుడు ఇంట్లో అత్తగారూ ఆడపడుచూ ఉండేవారు, బావి ఉండేది. నీళ్ళు లేని ఇంట్లో గుడ్డలు కట్టమని నేను అనను. ఇంట్లో ఉండే పూట గుడ్డ, బయటికి వెళ్ళే పూట డైపరు, అలాగైనా సగం తగ్గుతుంది. ముసురు రోజుల్లో రాత్రి ఫ్యాను కింద ఆరేసి, పొద్దున ఇస్త్రీ పెట్టె ఒక్కసారి తిప్పు. చెమ్మ ఉన్న గుడ్డ మాత్రం కట్టొద్దు.

గుణుపురం నర్సక్క

చిన్నకోడలా, 1,200 ప్యాకెట్టు పిండి దగ్గర నా కన్ను ఆగిపోయింది. నేను పన్నెండేళ్ళు నర్సుగా చేశాను, అందుకే అడుగుతున్నాను. ఇది నీకు ఎవరు చెప్పారు? తల్లిపాలు ఇస్తున్నావా?

పర్లాకిమిడి చిన్నకోడలు

ఇస్తున్నాను అక్కా. పురుడు పోసుకున్న ప్రైవేటు ఆసుపత్రిలో రెండో రోజే, పాలు చాలవు, ఇది పట్టు అని పాలపొడి డబ్బా పేరు చీటీ మీద రాసిచ్చారు. మూడు నెలలు కొన్నాం. ఆరో నెల వచ్చాక వాళ్ళే ఈ పిండి పెట్టమన్నారు. డాక్టరుగారు చెప్పారు కదా అని నేను ఎదురు మాట్లాడలేదు. ఆ మూడు నెలల్లో అయిన ఖర్చుకే నా గాజులు తాకట్టుకి వెళ్ళాయి.

గుణుపురం నర్సక్క

చదివితే కడుపు మండిపోయింది చెల్లీ. నీ తప్పేం లేదు. మన దేశంలో 1992లోనే దీని మీద చట్టం వచ్చింది, 2003లో ఇంకా గట్టి చేశారు. రెండేళ్ళ లోపు పిల్లల కోసమని పాలపొడి, ప్యాకెట్టు ఆహారం, పాల సీసా ప్రచారం చేయకూడదు, తల్లులకి శాంపిళ్ళు ఇవ్వకూడదు, ఆసుపత్రి వాళ్ళు ఆ కంపెనీల నుంచి ఏమీ తీసుకోకూడదు. నిజంగా అవసరమైన బిడ్డలు కొందరుంటారు, వాళ్ళకి డాక్టరు రాస్తారు, అది వేరు. పురుడైన రెండో రోజు పాలు తక్కువగానే వస్తాయి, ఆ కాసిన ముర్రుపాలే బిడ్డకి చాలు.

ఇప్పుడు ఎనిమిదో నెలలో చేయాల్సింది చెప్తాను. తల్లిపాలు రెండేళ్ళ దాకా ఆపకు. రోజుకి రెండు మూడుసార్లు ఇంటి తిండి, మధ్యలో ఒకసారి అరటిపండో ఉడికిన చిలగడదుంపో. తిండి జావలా పల్చగా ఉండకూడదు. స్పూను వంచితే జారి పడిపోకుండా నిలవాలి. పల్చటి గంజి గిన్నెడు తాగించినా కడుపు నిండడమే తప్ప బలం రాదు. మెత్తగా చిదిమిన అన్నం, పప్పు, మునగాకు, ఒక చెంచా నూనో నెయ్యో. గట్టిగా ఉడికించిన గుడ్డు. ముల్లు తీసిన చేప. ఏడాది నిండే దాకా ఉప్పు, పంచదార, బెల్లం కలపకు. తేనె అయితే నాలుక మీద రాయడం కూడా వద్దు, ఏడాదిలోపు బిడ్డకి అది ప్రమాదం. ఆవుపాలు కూడా ఏడాది దాటాకే తాగడానికి ఇవ్వాలి.

గ్రైపు వాటరు, టాల్కం పౌడరు, కాటుక డబ్బా, వాకరు, ఈ నాలుగూ కొనక్కర్లేదు. వాకరు కొన్నవాళ్ళ ఇంట్లో పిల్లాడు మెట్ల మీంచి దొర్లిన కేసులకి నేనే కట్టు కట్టాను.

జయపురం రైతుబిడ్డ

ఆ పిండి స్థానంలో చోడి పెట్టండమ్మా. మా కొరాపుట్ వైపు మండియా అంటారు, మీ శ్రీకాకుళం వైపు చోడి, మిగతా ఆంధ్రాలో రాగులు, అన్నీ ఒకటే. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ పెట్టి మా రైతుల దగ్గర కొంటోంది, నవంబరు 10న మండియా దివస్ కూడా చేస్తారు. కిలో రాగులు, ఒక ప్యాకెట్టు పిండి పక్కపక్కన పెట్టి ధర చూసుకోండి, నేను చెప్పక్కర్లేదు.

మా అమ్మ చేసే పద్ధతి రాస్తున్నాను. సంతలో కొన్న చోడిలో సన్న ఇసుక ఉంటుంది. చేటలో చెరిగి, తర్వాత వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి చేత్తో తిప్పుతూ పై గింజల్ని ఇంకో గిన్నెలోకి వంపాలి. ఇసుక అడుగున ఉండిపోతుంది. ఇలా నాలుగైదుసార్లు చేయాలి. ఇక్కడ తొందరపడితే పిల్లాడి పళ్ళ కింద కరకరమంటుంది, ఇక జన్మలో తినడు. రాత్రి నానబెట్టి, పొద్దున తడి గుడ్డలో మూట కట్టి చీకట్లో పెట్టండి. మధ్యలో నీళ్ళు చిలకరించండి. మరుసటి రోజుకి తెల్లటి మొలక సూది మొనంత కనపడుతుంది. అంతకన్నా పెరగనివ్వకండి, చేదు వస్తుంది. నీడన ఆరబెట్టి, సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చే దాకా వేపండి. నాలుగు గ్లాసుల చోడికి ఒక గ్లాసు పెసలు విడిగా వేపి, రెండూ కలిపి మరపట్టించి, పల్చటి గుడ్డలో జల్లించండి.

మొలకెత్తిన పిండికి ఒక గుణం ఉంది, ఉడికించినా మరీ బిగుసుకోదు. అందుకని అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, బిడ్డకి బలం ఎక్కువ అందుతుంది. చన్నీళ్ళల్లో ముందు కలుపుకుని, ఉండలు లేకుండా చూసి, పొయ్యి మీద పెట్టి పది నిమిషాలు తిప్పుతూ ఉండండి. పదిహేను రోజులకి సరిపడానే మరపట్టించండి, వానాకాలం పురుగు పడుతుంది.

ఇచ్ఛాపురం తమ్ముడు

అక్కా, నేను నెలకోసారి బరంపురం వెళ్ళి టోకున కొంటాను. పప్పులు, నూనె, సబ్బులు తక్కువ పడతాయి. నలుగురు కలిసి వెళ్తే ఛార్జీ కూడా పంచుకోవచ్చు. పిల్లకి బిస్కెట్ల బదులు వేపిన వేరుశనగ గుళ్ళు, పుట్నాలు జేబులో పోయండి, చవకా, బలమూ.

గుణుపురం నర్సక్క

తమ్ముడూ, గుళ్ళు మాత్రం వద్దు నాయనా. నాలుగైదేళ్ళు నిండే దాకా పిల్లలకి వేరుశనగ గింజ అలాగే ఇవ్వకూడదు. నవ్వుతూ పరిగెడుతూ తింటారు, గొంతులో కాకుండా ఊపిరి గొట్టంలోకి పోతుంది. పొడి కొట్టి బెల్లంతో ఉండ చేసి పెట్టండి, అది పెద్దదానికి బంగారంలాంటి తిండి. పుట్నాలకీ అదే మాట.

పర్లాకిమిడి చిన్నకోడలు

తమ్ముడూ, పర్లాకిమిడి నుంచి బరంపురం రానూ పోనూ ఛార్జీ, చంకలో పిల్లాడు, పక్కన పెద్దది, మధ్యాహ్నం హోటలు తిండి. లెక్క వేశాను, మిగిలేది ఆ రోజుకే ఆవిరి. మా వీధిలో నలుగురం కలిసి ఒకరిని పంపిద్దామని మాట్లాడుతున్నాం.

రాయగడ మిల్లు నాన్న

అమ్మా, మీరు లెక్కలో ఒకటి రాయలేదు. అంగన్‌వాడీ. పిల్లల పేర్లు రాయించారా?

మేం పాలకొండ వైపు నుంచి వచ్చినవాళ్ళం. మొదటి రెండేళ్ళు నేనూ రాయించలేదు. మనది ఆంధ్రా, మనకి ఇవ్వరు అనుకున్నాను. మా ఆవిడకి ఒడియా రాక సిగ్గుపడేది. ఒకరోజు పక్కింటి ఒడియా వదినగారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. అంగన్‌వాడీ దీదీ అడిగింది పిల్లాడి పుట్టిన తేదీ, తల్లి ఆధారు, టీకాల కార్డు. అంతే. ఊరు ఏదైనా, పిల్లలు ఆ వీధిలో ఉంటే చాలు.

మూడేళ్ళ లోపు పిల్లలకి ఇంటికే ఛతువా ప్యాకెట్టు ఇస్తారు. గోధుమ, శనగ, వేరుశనగ, పంచదార కలిపిన పొడి. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళే చేస్తారు. గుడ్లు కూడా ఇస్తారు. మూడేళ్ళు దాటితే అక్కడే వేడి అన్నం, పప్పు, గుడ్డు. మీ పెద్దది వెళ్ళాల్సిన వయసే. నెలనెలా బరువు తూస్తారు, ఆ బరువు గీత కార్డు మీద పైకి వెళ్తోందో లేదో చూసుకోవచ్చు.

బియ్యం సంగతి కూడా. కేంద్రం ఆహార భద్రత కింద ఉన్న రేషను కార్డయితే దేశంలో ఏ ఊళ్ళో అయినా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, మనిషికి నెలకి 5 కిలోలు. 2023 జనవరి నుంచి అవి ఉచితం. మా కార్డు ఇంకా ఆంధ్రాలోనే ఉంది, నేను రాయగడలో తెచ్చుకుంటున్నాను. ఆంధ్రా ప్రభుత్వం విడిగా ఇచ్చే సరుకులు మాత్రం ఇక్కడ రావు.

పర్లాకిమిడి చిన్నకోడలు

అన్నయ్యా, అంగన్‌వాడీ మా వీధి చివరే ఉంది. రోజూ దాని ముందు నుంచే వెళ్తాను. నాకు ఒడియా మాట్లాడడం కొంచెం వచ్చు, చదవడం రాదు. ఏ కాగితం మీద సంతకం పెట్టమంటారో అని భయం వేసి ఆగిపోయాను.

బరంపురం మామ్మ

పిచ్చితల్లీ, దానికి భయమెందుకు. పర్లాకిమిడిలో సగం మందికి తెలుగు వచ్చు. 1936లో ఒడిశా రాష్ట్రం వేరయింది కానీ వీధులు వేరవలేదు. తెలుగులోనే అడుగు, ఆవిడ ఒడియాలో చెప్తుంది, ఇద్దరికీ అర్థమవుతుంది.

ఇంకోటి. నీకు ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, ఇక్కడే కాపురం ఉండి, ఇక్కడి రేషను కార్డులో పేరుంటే, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకి డబ్బు ఇచ్చే సుభద్ర పథకం అడుగు. 2024 సెప్టెంబరు 17న మొదలైంది. ఏడాదికి 10,000, రాఖీ పున్నమికి సగం, మార్చి 8కి సగం. అయిదేళ్ళకి 50,000. తాకట్టు గాజులు గుర్తుకొచ్చి చెప్తున్నాను.

సిరొంచ పంతులు

మేము ఇటు మహారాష్ట్రల, ప్రాణహిత నది ఒడ్డున ఉంటం. మా దిక్కు కూడ గిదే ముచ్చట. మా పిల్లగాని టీకాల కార్డు మరాఠీల ఉండె. వాళ్ళ అమ్మమ్మ ఊరు మంచిర్యాల దిక్కు పోయినప్పుడు టీకా తారీఖు వచ్చింది. తీసుకపోతే నర్సమ్మ కార్డు జూసి ఏసింది, పైస అడగలే. కార్డు పారేసుకోకుండ్రి, ప్లాస్టిక్ కవర్ల పెట్టుకోండ్రి.

గుణుపురం నర్సక్క

సిరొంచ పంతులుగారు మంచి మాట గుర్తు చేశారు. 6, 10, 14 వారాల టీకాలు ప్రైవేటులో వేయించి అప్పు చేసినవాళ్ళని చూశాను. విరేచనాలు రాకుండా ఇచ్చే రోటా చుక్కల మందు 2016లో ప్రభుత్వం మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తం మీద ముందు నాలుగు రాష్ట్రాలకే ఇచ్చారు, అందులో ఒడిశా ఉంది, ఆంధ్రా ఉంది. న్యుమోనియా టీకా 2021 నుంచి దేశమంతా ఇస్తున్నారు. ఉచితమని తక్కువ రకం కాదు.

ఏడాదిలోపు బిడ్డకి జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు, పరీక్షలు, రానూ పోనూ బండి కూడా ఉచితం. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళల్లో కలపాలి. పొదుపు అని సగం ప్యాకెట్టు చెంబులో కలపకండి, లెక్క తప్పితే బిడ్డకి కీడు. జింకు మాత్రలు 14 రోజులూ వేయాలి, తగ్గిందని మూడో రోజు ఆపకూడదు. అవి కూడా ఆశా దీదీ దగ్గర ఉచితంగా దొరుకుతాయి.

జయపురం రైతుబిడ్డ

దోమతెర కూడా రాయండి అక్కా. ఊళ్ళల్లో పంచిన మందు దోమతెరలు మా దగ్గర టమాటా మళ్ళకి కంచెగా కట్టేశారు. మా ఇంట్లోనూ అదే పని చేశాం. ఆ ఏడు మా పాపకి మలేరియా వచ్చి తొమ్మిది రోజులు మంచం మీద ఉంది. కూలి పోయింది, బండి ఖర్చు, కొబ్బరి బొండాలు. అన్నీ కలిపితే ఆ టమాటాల డబ్బు ఏ మూలకి. ఇప్పుడు పిల్లలు పడుకునే చోటే కట్టాం. దాన్ని మరీ తరచుగా ఉతక్కండి, ఎండలో ఆరేయకండి, మందు పోతుంది. నీడనే.

బరంపురం మామ్మ

బట్టల గురించి ఎవరూ అనలేదు. ఇరవై ఒకటో రోజు బారసాలకి, ఇక్కడి వాళ్ళ ఏకోఇశాకి అందరూ బొమ్మంత చొక్కాలు తెస్తారు. నెల తిరక్కముందే పొట్టి అయిపోతాయి. దగ్గరవాళ్ళని నోరు తెరిచి అడుగు, ఏడాది పిల్లాడికి సరిపడేది తెమ్మని.

మాకు ఇక్కడ ప్రథమాష్టమి అలవాటైంది. ఇక్కడి పంచాంగం లెక్కన మార్గశిరంలో ఇంటి పెద్దబిడ్డకి మేనమామ కొత్త బట్టలు పంపాలి. మా అన్నయ్య ప్రతి ఏడూ పట్టు లంగా పంపేవాడు, రెండుసార్లు కట్టుకుని పెట్టెలో పడేది. ఒక ఏడు నేనే ఉత్తరం రాశాను, అన్నయ్యా, ఈసారి స్వెట్టరు పంపు అని. సరిగ్గా చలి మొదలయ్యే రోజులే కదా. దాన్ని చేతులు మడిచి మొదటి చలికి, మడత విప్పి రెండో చలికి వేసుకుంది, మూడో చలికి చిన్నదానికి వచ్చింది. ఆ మోచేతి దగ్గర చిరుగుకి వేసిన నీలం దారం ఇప్పటికీ నా కళ్ళకి కనపడుతుంది.

పర్లాకిమిడి చిన్నకోడలు (నెల తర్వాత)

అందరికీ దండాలు. నోట్‌బుక్కు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

డైపర్లు 1,300 నుంచి 500కి వచ్చాయి. మామ్మగారు చెప్పినట్టు మా అమ్మ పాత చీర కోశాను. వాన పట్టిన నాలుగు రోజులు డైపర్లే వేశాను. మొదటి వారం ఉన్న అలవాటుకి ఒక ప్యాకెట్టు పిండి కొన్నాను, 300. ఆ తర్వాత చోడి, పెసలు కలిపి 180. మొదటిసారి ఇసుక సరిగ్గా పోలేదు, వాడు ఉమ్మేశాడు. రెండోసారి అయిదుసార్లు వంపి కడిగాను, గిన్నె నాకేశాడు. బిస్కెట్లు 600 నుంచి 400 మాత్రమే. పెద్దది కొట్టు ముందు పడి ఏడిస్తే నేనింకా గట్టిగా ఉండలేకపోతున్నాను. పాలు తగ్గించలేదు, నీళ్ళూ కలపలేదు. అత్తగారికి మామ్మగారి మాటలు చదివి వినిపించాను, విని ఊరుకున్నారు. మరుసటి రోజు గుడ్డలు ఆవిడే ఆరేశారు.

మొత్తం 1,720 తగ్గింది. లెక్క ప్రకారం చేతిలో 890 ఉండాలి, 640 ఉంది. మిగతా 250 ఎక్కడ పోయిందో రెండుసార్లు వెతికినా దొరకలేదు. అందులో 500 కొట్టు ఖాతాకి కట్టాను, ఇంకా 330 బాకీ ఉంది.

అంగన్‌వాడీకి పోయిన సోమవారం వెళ్ళాను. దీదీ వాళ్ళ అమ్మగారిది టెక్కలి అట, తెలుగులోనే మాట్లాడింది. పెద్దది అక్కడే తింటోంది. చిన్నవాడిని తూస్తే 7 కిలోల 200. కార్డు మీద బరువు తక్కువని చూపే పసుపు రంగు దగ్గర ఉన్నాడు, వచ్చే నెల మళ్ళీ తీసుకురమ్మంది. ఛతువా ప్యాకెట్టు ఇచ్చింది. నర్సక్కా, దాంట్లో పంచదార ఉంది కదా, ఏడాది లోపు వాడికి పెట్టొచ్చా, పెద్దదానికే పెట్టనా?

గుణుపురం నర్సక్క

పసుపు దగ్గర ఉన్నాడు అన్నావు కాబట్టి ప్యాకెట్టు వాడిదే, వాడికే పెట్టు చెల్లీ. రోజుకి ఒకపూట ఛతువా, మిగతా పూటలు నీ చోడి, పప్పన్నం, గుడ్డు. వేరే పంచదార మాత్రం కలపకు. చిక్కగా కలిపి ఒక చెంచా నూనె వెయ్యి. వచ్చే నెల బరువు ఎంతుందో ఇక్కడ రాయి, నేను చూస్తూ ఉంటాను.